మనిషెత్తు కొవ్వొత్తి, నాలుగు వేళ్ళు తక్కువ

ప్రార్థనలు ఎందుకు ఫలించవో చెప్పే అర్హత నీకెక్కడిదని మీరు అడగవచ్చు. నేను ఫాదర్‌ని కాను, పాస్టర్‌ని కాను, అసలు క్రైస్తవుణ్ణే కాను. మూలకుళంలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. శనివారం పెరుమాళ్ళకు ఒక తులసిమాల ఇచ్చి వస్తే వారానికి సరిపడా భక్తి నాకు అయిపోతుంది. అయినా పుదుచ్చేరిలో దేవుడు వినిపించుకోని ప్రార్థనలకు సంజాయిషీ చెప్పుకునే ఉద్యోగం కొన్నాళ్ళు నేనే చేశాను. మేట్టుపాళయం ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఒక కొవ్వొత్తుల ఫ్యాక్టరీకి నేను సూపర్వైజరును.

కొత్తగా పనుల్లో చేరే పిల్లలు చదువుతారనే ఆశతో ఇది రాస్తున్నాను. చేరేటప్పుడు మీ చేతికిచ్చే కాగితంలో మీరు చేయాల్సిన పనులన్నీ ఉంటాయి. అందులో లేని పని ఒకటి ఏదో ఒక రోజు మీ నెత్తిన పడుతుంది, రిటైరయ్యాక గుర్తుండేది అదొక్కటే. ఇంకో మాట. మా ఫ్యాక్టరీలో అందరం మాట్లాడుకున్నది తమిళమే. నేను దాన్ని మా ఇంటి తెలుగులోకి దింపుకుని రాస్తున్నాను, కాబట్టి ఎవరి మాటయినా మా ఇంట్లోవాళ్ళు అన్నట్టే వినిపిస్తే తప్పు నాది.

మా ఊళ్ళో కొవ్వొత్తి అంటే కరెంటు పోయినప్పుడు వెతుక్కునేది మాత్రమే కాదు. ఎవరి కోసం మొక్కుకున్నారో ఆ మనిషి ఎంత ఎత్తుంటే అంత ఎత్తు కొవ్వొత్తి పోయించి, మాత కోవిల, అంటే మేరీమాత చర్చి, ముందరి ఇసుక తొట్టిలో నిలబెట్టి వెలిగిస్తారు. మనవాళ్ళు బిడ్డను త్రాసులో కూర్చోబెట్టి బెల్లం తూచినట్టే ఇదీ. మనం తూకం చూస్తాం, వాళ్ళు ఎత్తు చూస్తారు. జ్వరం వచ్చిన బిడ్డకు బిడ్డంత కొవ్వొత్తి, పరీక్ష రాసే కుర్రాడికి కుర్రాడంత. మా వీధి హిందువులు కూడా పోయించుకునేవాళ్ళు. అవసరం వచ్చినప్పుడు దేవుళ్ళ దగ్గర మనకు మొహమాటాలు ఉండవు.

కొలత తెచ్చే పద్ధతి ఒకటే. మనిషిని గోడకు నిలబెట్టి, అరికాలి నుంచి నడినెత్తి దాకా దారం పట్టి, తుంచి మా కౌంటరుకు తెస్తారు. నేను దాన్ని టేపుతో కొలిచి, అంకె చీటీ మీద రాసి, దారం వాళ్ళకిచ్చేసి, చీటీ లోపలికి పంపుతాను. లోపల మా పోత మేస్త్రి పొడవాటి రేకు గొట్టంలో వత్తి దించి మైనం పోస్తాడు. గట్టిపడ్డాక బయటికి లాగి గోడకు నిలబెడతాడు. గోడ మీద పెయింటరు రాసిన అడుగులూ అంగుళాలూ ఉంటాయి. చీటీలో ఉన్న అంకె దగ్గర వేడి కత్తితో కోస్తాడు. ఇందులో తప్పు జరగడానికి సందు ఎక్కడుందని అప్పట్లో ఎవరైనా అడిగివుంటే, లేదని పెరుమాళ్ళ మీద ఒట్టేసి చెప్పేవాణ్ణి.

మేస్త్రి మా ఫ్యాక్టరీలో అందరికంటే పాతవాడు. ఆదివారం మాత కోవిలలో పూజ తప్పనివాడు. నాకంటే వయసులో చిన్న, అన్నా అని పిలిచేవాడు. మొదటినుంచీ మాట తక్కువ, భార్య పోయాక ఇంకా తగ్గింది. మధ్యాహ్నం నా డబ్బాలోంచి చింతకాయ పచ్చడి వేసుకుని, తన డబ్బాలోని వంజరం ముక్క నా వైపు జరిపి, నేను చేప ముట్టనని తెలిసి కూడా "ఒకటి ఏసుకో అన్నా" అనేవాడు. నేను వద్దనేవాణ్ణి. ఇద్దరి మర్యాదా నిలబడేది.

ఒకరోజు సోలై నగర్ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె పెద్దది, చేపల గంప మోసి మోసి మెడ గట్టిపడ్డ మనిషి. రెండో ఆమె కోడలు, పెళ్ళయి ఏడాది తిరగని పిల్ల. పెద్దామె కొడుకు మరో ఇద్దరితో కలిసి చిన్న ఫైబర్ పడవలో వేటకు పోయాడు. పెద్ద గాలి లేచింది. పడవ తిరిగి రాలేదు. కోస్ట్ గార్డువాళ్ళు వెతికారు, సోలై నగర్ పడవలన్నీ వెతికాయి, ఒక చెప్పు కూడా దొరకలేదు. ఇంక మాతే దిక్కని కొవ్వొత్తికి వచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ చెరొక దారం ఉంది. తప్పిపోయిన మనిషిని గోడకు నిలబెట్టి కొలవడం కుదరదు కదా, ఎవరికి గుర్తున్న ఎత్తు వాళ్ళు తెచ్చారు.

"ఇది నా కొడుకు ఎత్తు నాయనా," అని పెద్దామె తన దారం నా ముందర పెట్టింది. "ఇంట్లోకి రావల్లంటే తల వంచుకోనే రావల్ల. కన్నదాన్ని, నాకు తెలీదా."

"అది కాదన్నా," అంది కోడలు, తన దారం దాని పక్కన పెట్టి. "ఆయన పక్కన నిలబడితే నా నెత్తి ఆయన గడ్డానికి ఆనుతాది. గడ్డం నుంచి పైకి ఎంతుంటాదో నా చేతికి తెలుసు. వేళ్ళతో పట్టి చూసే తుంచినాను."

"ఏడాది చూసినదానికి ఎత్తు తెలుసంట."

"మీ వాకిలి పొట్టిది అత్తా. పిల్లి కూడా తల వంచుకోనే వస్తాది."

రెండు దారాలూ పక్కపక్కన పెట్టి కొలిచాను. తల్లి దారం కోడలి దారం కంటే నాలుగు వేళ్ళు పొడుగు. ఆధార్‌లో చూద్దామా అన్నాను. ఆధార్‌లో వేలిముద్రలున్నాయి, కనుపాపలున్నాయి, ఎత్తు మాత్రం లేదు. పెళ్ళి ఫోటో చూద్దామన్నాను. కోడలు ఫోన్ తీసి చూపించింది. ఫోటోలో పెళ్ళికొడుకు కోవిల మెట్టు మీద ఉన్నాడు, పెళ్ళికూతురు కింద ఉంది. దానితో ఏమీ తేలలేదు.

చివరికి వయసుకు మర్యాద ఇచ్చి తల్లి దారమే తీసుకున్నాను. కోడలు ఎదురు చెప్పలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గర తిరిగి చూసి, "సరిగ్గా కొయ్యమని చెప్పన్నా," అంది. మేస్త్రి ఆ చీటీని రెండుసార్లు చదువుకుని కోశాడు. మర్నాడు ఆ కొవ్వొత్తి మాత కోవిల ముందు నిలబడి వెలిగింది, కరిగింది, అయిపోయింది. మనిషి రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే అసలు గొడవ మొదలైంది. మొదట ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. కొడుకు కోసం పోయించిన కొవ్వొత్తిని వెలిగించే ముందు కొడుకును దాని పక్కన నిలబెట్టి ఫోటో తీశాడట. కొవ్వొత్తి పిల్లవాడి కనుబొమల దాకానే ఉంది. అప్పుడు పట్టించుకోలేదు. తర్వాత పరీక్ష ఫలితాలు వచ్చాయి.

"మావాడు ఫుట్‌బాల్ టీములో ఎంపికయినాడు, లెక్కల్లో ఫెయిలయినాడు," అని ఫోన్‌లో ఫోటో నా మొహం ముందు పెట్టాడు. "మీరే చూడండి. కాళ్ళకు చేరింది, తలకు చేరలే. మీరు తల లేని కొవ్వొత్తి ఇచ్చినారు."

ఆ ఫోటో సాయంత్రానికి ఊళ్ళో ప్రతి ఫోన్‌లోనూ ఉంది. మర్నాడు మా కౌంటరు ముందు క్యూ. ఒక ముసలమ్మకు మోకాళ్ళ నొప్పి పోయింది, తలనొప్పి పోలేదు. ఒకాయనకు ప్రమోషన్ వచ్చింది కానీ బట్టతల అలాగే ఉంది. ఇంకొకాయన కొవ్వొత్తిని అసలు వెలిగించనే లేదు, ఫలితం రాలేదని మాత్రం వచ్చాడు. అన్నిటికంటే చిక్కు ఒక ఇల్లాలిది. మొగుడికి సింగపూర్ వీసా రావాలని కొవ్వొత్తి పెడితే వీసా మరిదికి వచ్చింది. ఇంటికి పోయి కొలత దారంతో చూసుకుంటే, మొగుడి కనుబొమల దాకా సరిగ్గా మరిది ఎత్తు. ఆమె అరవలేదు. కౌంటరు మీద మోచేతులు ఆనించి, "ఆయన మొగం ఎట్ల చూసేదన్నా, నువ్వే చెప్పు," అని నన్ను నిజంగానే అడిగింది.

ఓనరు నన్ను గదిలోకి పిలిచాడు. "ఏమయ్యా, వీళ్ళందరితో నువ్వే మాట్లాడు. నువ్వు పెరుమాళ్ళ మనిషివి, ఎవరి పక్కా లేకుండా వింటావు."

"ఏం చెప్పమంటారు సార్?"

"మైనానికి గ్యారంటీ ఇస్తాం, మొక్కుకు ఇవ్వం. అంతే చెప్పు."

ఆ మాట క్యూలో ఉన్న ముసలమ్మకు చెప్పి చూశాను. "అట్లయితే మోకాళ్ళకు నయం యాడ నుంచి వచ్చె?" అంది.

లోపలికి పోయి మేస్త్రిని తీసుకుని గోడ దగ్గర నిలబడ్డాను. ఇద్దరం టేపు పట్టి నేల నుంచి ఐదడుగుల గీత దాకా కొలిచాం. ఐదడుగులు లేదు. నాలుగు వేళ్ళు తక్కువ. ఒకరి మొహం ఒకరం చూసుకుని, తర్వాత ఇద్దరం కిందికి చూశాం. వానలకు ముందు ఓనరు బావమరిది వచ్చి, మైనం పడి జారుతోందని పాత నేల మీదే కొత్త సిమెంటు వేసి పోయాడు. నేల పైకి లేచింది. గోడ మీది అంకెలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అప్పటినుంచీ మేమంతా ఆ నేల మీదే తిరిగాం, టీ తాగాం, గుమ్మం ఎందుకో తలకు తగులుతోందని తిట్టుకున్నాం. ఒక్కరికీ తట్టలేదు. మనిషి బుర్ర అలాంటిది, గుమ్మం దిగిందనుకుంటుంది గానీ నేల లేచిందనుకోదు.

ఓనరు దీనికి ఒక పరిష్కారం కనిపెట్టాడు. నాలుగు వేళ్ళ పొడవున చిన్న కొవ్వొత్తులు పోయించి, ఫిర్యాదు చేసిన ప్రతివాళ్ళకూ తలా ఒకటి ఇమ్మన్నాడు. దానికి బ్యాలెన్సు కొవ్వొత్తి అని ఆయనే పేరు పెట్టాడు. రెండు రోజుల్లో మాత కోవిల ముందు ఇసుక తొట్టి నిండా బ్యాలెన్సులే. దాన్ని కింద పెట్టి వెలిగిస్తే చాలా, లేక తల భాగం కాబట్టి తల ఎత్తులో పట్టుకోవాలా అని జనంలో రెండు పక్షాలు లేచాయి. కొందరు స్టూళ్ళు తెచ్చుకున్నారు.

మాత కోవిల ఫాదర్ ఫ్యాక్టరీకే వచ్చేశాడు. వయసులో చిన్నవాడు, ఓపికలో ఇంకా చిన్న. "దేవుడేమన్నా దర్జీనా?" అని క్యూలో ఉన్నవాళ్ళను అడిగాడు. "టేపు పట్టుకోని కూచోనుంటాడా? మీరు అడగండి. ఆయన ఇస్తానంటాడు, ఇవ్వనంటాడు, కొన్నిసార్లు ఆగమంటాడు. మూడూ జవాబులే."

"ఇన్నేండ్లు కొలిచి తెస్తా ఉంటే ఎవరూ వద్దనలేదే ఫాదర్," అన్నాడు బ్యాంకు ఉద్యోగి.

ఫాదర్ నా భుజం పట్టుకుని మైనం బస్తాల వెనక్కి తీసుకెళ్ళాడు. గొంతు బాగా తగ్గించాడు. "మా అమ్మ కంటి ఆపరేషన్‌కు ఒకటి పోయించినాను. అది పాత నేల మీద కోసిందా, కొత్త నేల మీదనా?"

కొత్త నేల మీదే అన్నాను. ఫాదర్ అంగీ జేబులో ఒక బ్యాలెన్సు వేసుకుని, వెనక గేటు గుండా వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. అమ్మ కన్ను విషయంలో ఎవరు మాత్రం సిద్ధాంతం పట్టుకుని కూర్చుంటారు.

ఇక నేను మరిచిపోలేని ఆ రోజు సంగతి. క్యూ సన్నబడ్డాక సోలై నగర్ అత్తాకోడళ్ళు వచ్చారు. పెద్దామె మెడ అంతకు ముందులా నిటారుగా లేదు. కోడలి కళ్ళ కింద నల్లబడింది. బ్యాలెన్సు తీసి పెద్దామె చేతిలో పెట్టబోయాను. కోడలు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దన్నా. ఇయ్యొద్దు."

"ఎందుకే?" అంది అత్త. "నా కొడుకు తల ఒకటే మిగిలిపోయింది. మొగం చూపించకుండా మాతను ఎతకమంటే ఎట్ల ఎతుకుతాది?"

"అన్నా, నువ్వే ఇను. అత్త దారం నా దారం కంటే నాలుగు వేళ్ళు పొడుగు. మీరు కోసింది దానికి నాలుగు వేళ్ళు తక్కువ. అంటే నా కొలతకు సరిగ్గా ఎలిగింది గదా. ఇప్పుడు దానికి ఇంకా కలిపితే ఇంకెవరి ఎత్తో అవుతాది. ఆ సింగపూర్ ఆమెకు అయినట్ల, ఇంకెవరి మొగుడో ఇల్లు చేరుతాడు. మా ఆయన ఆడనే ఉండిపోతాడు."

నవ్వు రాబోయింది. ఆ పిల్ల మొహం చూసి ఆపుకున్నాను. ఆమె వేళాకోళం ఆడటం లేదు.

"సరిగ్గా ఎలిగుంటే మరి యాడ వాడు?" అంది అత్త.

"దారిలో ఉండాడు."

నేను ఎవరి మాట ఒప్పని చెప్పాలి? కొవ్వొత్తి కురచదంటే తప్పు మాది, ఆశ తల్లిది, కానీ బ్యాలెన్సు వెలిగిస్తే కోడలి ఆశ పోతుంది. కొవ్వొత్తి సరైనదేనంటే, మాత అంతా చూసి కూడా ఇవ్వనన్నట్టు. ఎవరి దారం ఒప్పో తేలాలంటే ఆ అబ్బాయి వచ్చి గోడకు నిలబడాలి. వచ్చి నిలబడితే ఇంక తేల్చే అవసరమే ఉండదు. నా ఉద్యోగంలో ఎన్నో ఫిర్యాదులు తీర్చాను గానీ ఇలా తన తోకను తనే మింగే ఫిర్యాదు ఇంకోటి చూడలేదు. దిక్కు తోచక మేస్త్రిని పిలిచాను. కోవిల మనిషి, ఏదైనా దారి చెప్తాడనుకున్నాను.

మేస్త్రి చేతికంటిన మైనం గీక్కుంటూ వచ్చి అంతా విన్నాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు.

"నా భార్యకు జబ్బు చేసినప్పుడు నేనే పోసినాను. అప్పుడు పాత నేలే. ఆమెను ఈడికే పిలుచుకోనొచ్చి, ఈ గోడకే నిలబెట్టి గీత పెట్టినాను. వెంట్రుకంత తేడా లే. అది ఎలుగుతా ఉండంగానే ఆమె పోయె." పెద్దామె వైపు తిరిగి అన్నాడు, "అందుకని ఎలిగించుకున్నా సరే, ఎలిగించకపోయినా సరే అమ్మా. కొలత వల్ల కాదు."

అన్నాళ్ళుగా నేను అతని పక్కన కూర్చుని పచ్చడి పంచుకున్నాను. కొలత తప్పడం వల్లే మొక్కులు చెడ్డాయని ఊరంతా సంబరంగా చెప్పుకుంటుంటే అతను వింటూ బ్యాలెన్సులు పోస్తూ ఉండిపోయాడు. నాకు సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది. పెద్దామె మేస్త్రి చెయ్యి పట్టుకుంది, రెండో చేత్తో మాత్రం నా చేతిలోని బ్యాలెన్సు తీసుకుంది.

అప్పుడే కోడలి ఫోన్ మోగింది. ఆమె నంబరు చూసి కట్ చేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసింది.

"ఎవరమ్మా అది?" అన్నాను.

"ఏదో మోసగాళ్ళన్నా. నిన్నటి నుంచి చేస్తానే ఉండారు. ఏదో భాష, ఒక్క ముక్క అర్థం కాదు. మా వీధి పిల్లోళ్ళు ఎత్తొద్దన్నారు. మనిషి తప్పిపోయిన ఇల్లని తెలుసుకోని ఓటీపీ అడుగుతారంట."

మూడోసారి మోగింది. ఎందుకో చెయ్యి చాపాను. ఆమె ఇచ్చింది.

"ఏటమ్మా, మాటినకుండా పెట్టేస్తన్నారు?" అంది ఒక మగ గొంతు, విసుగుతో చచ్చిపోతూ. తెలుగు. నా తెలుగు కాదు, ఎక్కడో పైన, ఒడిశా దగ్గరి తీరంలో మాట్లాడే తెలుగు.

"ఎవురయ్యా మాట్లాడేది?" అన్నాను.

"మీది తెలుగేనా?"

"తెలుగే. మా ఊరి తెలుగు."

"అమ్మయ్య. నేను గవర్మెంటాసుపత్రి వార్డుబాయ్‌నండి. ముగ్గురు మనుసుల్ని మావోళ్ళు సముద్రంలోంచి ఎక్కించుకొచ్చారు. పడవ ఇంజను పోయి కొట్టుకొచ్చేశారట. ఫోన్లన్నీ నీళ్ళపాలు. ఇద్దరికి ఒక్క నంబరూ గుర్తు లేదు. ఒకాయనకి ఇదొక్కటే గుర్తుంది. పెళ్ళాం నంబరట. సెలైన్ ఎక్కుతంటే నిద్దట్లో కూడా ఇదే చెప్తన్నాడు. ఏటి సార్, ఆవిడ ఎన్నిసార్లని కట్ చేస్తారు?"

ఫోన్ స్పీకరులో పెట్టి, మనిషినే పిలవమన్నాను. కొంచెం గరగర, మంచం కిర్రుమన్న చప్పుడు. తర్వాత ఒక నీరసమైన గొంతు తమిళంలో వచ్చింది. అది సముద్రం లోంచి తిరిగొచ్చిన మనిషి మొదటి మాట.

"ఏమే, ఫోన్ ఎందుకు ఎత్తలే?"

పెద్దామె బ్యాలెన్సు పట్టుకునే నేల మీద కూలబడింది. కోడలు ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, నోటి దగ్గర పెట్టుకోవాలో చెవి దగ్గర పెట్టుకోవాలో తెలియక నుదుటికి ఆనించుకుంది. మేస్త్రి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను వార్డుబాయ్‌తో ఊరి పేరు రాసుకుంటూ ఏడుస్తున్నాను. అతను, "మీరేటవుతారు సార్ ఆయనకి?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక, కొవ్వొత్తుల సూపర్వైజర్ని అన్నాను.

పోలీసుల కబురు కూడా బయల్దేరిందట. అది మర్నాడు సోలై నగర్ చేరింది, అప్పటికి ఇంట్లోవాళ్ళు రైలెక్కేశారు.

మనిషి ఊరు చేరాక కోవిలకు పోయి, అక్కణ్ణుంచి ఇద్దరు ఆడవాళ్ళూ అతన్ని నేరుగా మా ఫ్యాక్టరీకి తెచ్చారు. ఎందుకు తెచ్చారో నాకు ముందే తెలుసు. దారిలో వాళ్ళ వాదం తెగలేదు. బ్యాలెన్సు చేతికి రాగానే ఫోన్ వచ్చిందని తల్లి, దాన్ని వెలిగించలేదు కాబట్టే వచ్చిందని పెళ్ళాం. ఫోన్ అంతకు ముందు రోజు నుంచే వస్తూ ఉందని అక్కడ ఎవరికీ గుర్తు లేదు.

"చెప్పులు ఇడువు," అంది తల్లి. అతను విడిచాడు. "నిటారుగా నిలబడు," అంది పెళ్ళాం. నిలబడ్డాడు. ఎండకు తోలు లేచిపోయిన మొహం, పీక్కుపోయిన కళ్ళు. మేస్త్రి చెక్కపలక అతని నడినెత్తిన ఆనించాడు. నేను ఈసారి గోడ మీది అంకెలు నమ్మకుండా టేపుతో కింద నుంచి పైదాకా కొలిచాను. పక్కన రెండు దారాలూ పట్టి చూశాను. మళ్ళీ కొలిచాను.

అతను కోడలి దారం కంటే రెండు వేళ్ళు పొట్టి. తల్లి దారం సంగతి చెప్పనే అక్కర్లేదు. మేం వెలిగించిన కొవ్వొత్తి అతనిది కాదు, అతనికంటే పొడుగైన ఎవరిదో.

అందరం చాలాసేపు ఆ చెక్కపలక వైపే చూశాం. చివరికి తల్లే నోరు తెరిచింది. "ఉప్పునీళ్ళల్లో నాని కురచయిపోయినాడు నాయనా."

"అవునత్తా," అంది కోడలు. "తిండి కూడా లే గదా."

ఆ ఇద్దరూ ఒక్క మాట మీద ఉండటం నేను చూసింది అప్పుడే. "నేను మొదటి నుంచీ ఇంతే," అని అతను గొణిగాడు గానీ ఎవరూ వినిపించుకోలేదు. ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు.

తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఓనరు, కొలత తప్పినా ఫలించును అని బోర్డు రాయిద్దామన్నాడు. బతిమాలి ఆపాను. ఫాదర్ అమ్మగారికి కన్ను బాగయింది. అందులో డాక్టరు వాటా ఎంత, బ్యాలెన్సు వాటా ఎంత అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బ్యాంకు ఉద్యోగి కొడుకు మళ్ళీ లెక్కల్లో తప్పాడు, ఈసారి నిలువెత్తు కొవ్వొత్తితో. ఆయన మా దగ్గరికి రాలేదు, ట్యూషన్ మాస్టారి దగ్గరికి పోయాడట.

గోడ మీది అంకెలు చెరిపి కొత్తగా రాయడానికి పెయింటరు వచ్చిన రోజు మేస్త్రి నా దగ్గరికి వచ్చాడు. పాత అంకెల మధ్య, కొంచెం పక్కగా, పెన్సిలుతో గీసిన ఒక గీత ఉంది. అన్నేళ్ళలో నేను దాన్ని గోడ పగులనుకున్నాను.

"ఆ గీత మింద రంగు ఎయ్యొద్దని చెప్పన్నా."

పెయింటరుకు చెప్పాను. ఇద్దరం అక్కడే నిలబడి అతను సున్నం కొడుతుంటే చూశాం. నేను ఊరుకోలేక అడిగేశాను. "నీకు కోపం రాదా? వాళ్ళకు తప్పు కొలతకే మనిషి వచ్చె. నువ్వు వెంట్రుక తేడా లేకుండా కొలిస్తివి."

"వస్తాదన్నా. రాకుండా ఎట్లుంటాది." గీత వైపు చూస్తూనే అన్నాడు. "ఆ ఆసుపత్రి ఆయన ఉండాడే, ఆ పాప కట్ చేసే కొద్దీ మళ్ళా మళ్ళా చేసినాడు గదా. ఆయన భాష ఆ పాపకు తెలీదు. అయినా ఇడిసిపెట్టలే. నాదీ అదే కథన్నా. నా మాట పైన ఉండే ఆయనకు అర్థమయినట్టు లేదు. కట్ చేస్తానే ఉండాడు. నేనూ మళ్ళా చేస్తానే ఉండాను."

పెయింటరు గీతను వదిలేసి దాని చుట్టూ కొత్త అంకెలు రాశాడు. కొత్త నేల నుంచి లెక్కేసిన ఆ అంకెల ప్రకారం చూస్తే మేస్త్రి భార్య నాలుగు వేళ్ళు పొట్టి. దాన్ని సరిచేసి పైకి జరపమని మేస్త్రి ఎప్పుడూ అడగలేదు.